పక్షి కంటే ముందు నీళ్ళు చూడండి: పులికాట్, కొల్లేరు, కోరింగల్లో చలికాలపు మార్గదర్శి

సూళ్ళూరుపేట దాటి పులికాట్ ఒడ్డున కారు ఆపినవాళ్ళలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఫ్లమింగోలు ఎక్కడున్నాయి?" అని. ఆ ప్రశ్నకు నిన్నటి జవాబు ఇవాళ పనికిరాదు. "ఈ వారం నీళ్ళు ఎంత లోతున్నాయి?" అని అడిగితే మాత్రం అక్కడి జాలరి ఎవరైనా సరిగ్గా చెబుతారు. ఫ్లమింగోలు ఎటు ఉంటాయో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

చిత్తడి నేలల్లో పక్షులు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది నీటి లోతు. కాళ్ళు ఎంత పొడవో అంత లోతులోనే ఆ పక్షి మేస్తుంది. పిచ్చుకంత స్టింట్‌లు తడి బురద మీద, పలచటి నీటి పొర మీద పరుగెడుతుంటాయి. రెడ్‌షాంక్, గాడ్‌విట్ లాంటివి జానెడులోపు నీళ్ళలో నిలబడతాయి. కొంగలు, తెడ్డుమూతి కొంగలు ఇంకాస్త లోపల, ఫ్లమింగోలు వాటికంటే లోపల ఉంటాయి. ఆపైన ఈదేవాళ్ళ రాజ్యం: బాతులు, బొల్లికోళ్ళు, నీటికాకులు, గూడబాతులు (పెలికాన్లు). ఈ వరస ఒకసారి మనసుకు ఎక్కితే ఏ చెరువు గట్టు మీద నిలబడినా బైనాక్యులర్ తీయకముందే ఎక్కడ ఏం ఉంటుందో సగం ఊహించగలరు. జంతువుల విషయంలో లోతు కంటే ఒడ్డు ముఖ్యం. నీళ్ళు అప్పుడే వదిలిన బురద మీద రాత్రంతా ఎవరు తిరిగారో రాసి ఉంటుంది.

మొదటి అడుగు: చోటు, వారం ఎంచుకోవడం

చలికాలం అనగానే డిసెంబరు సెలవులు, సంక్రాంతి గుర్తొస్తాయి. సంక్రాంతి మూడు రోజులూ వెళ్ళకండి. రోడ్ల మీద రద్దీ, పడవల్లో పాటలు, గట్ల మీద గాలిపటాలు. మిగతా రోజుల్లో ఏ వారం వెళ్ళాలన్నది చోటును బట్టి మారుతుంది.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంది. దీనికి నీళ్ళు ఈశాన్య రుతుపవనాల వానల వల్ల, స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల వల్ల వస్తాయి. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిండుతుంది, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. తుపాన్లు బాగా కురిసిన ఏడాది డిసెంబరులో వెళితే కనుచూపు మేర నీళ్ళే తప్ప గులాబీ రంగు కనిపించకపోవచ్చు. లోతు తగ్గే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫ్లమింగోలు గుంపులుగా దిగుతాయి. వానలు తక్కువ పడిన ఏడాది ఇదంతా ముందుకు జరుగుతుంది. సూళ్ళూరుపేటలో ఫ్లమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో జనం ఎక్కువ. పండుగ చూడాలంటే వెళ్ళండి, పక్షులు చూడాలంటే ఆ వారం తప్పించండి.

పులికాట్‌కు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. 1976లో అభయారణ్యం అయింది. ఇక్కడి చెరువులో నీళ్ళలోనే పెరిగే నీరుకడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వాన పడి చెరువు నిండాకే వస్తాయి. చలికాలం మధ్యకు వచ్చేసరికి గూళ్ళలో పిల్లలు కనిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది నేలపట్టే. పక్షులు పెద్దవి, దగ్గరగా ఉంటాయి, ఒకేచోట ఉంటాయి. మొదటి రోజే నిరాశ పడాల్సిన అవసరం ఉండదు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) అటవీ శాఖ నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎప్పుడైనా వెళ్ళొచ్చు. జనవరి ఉదయాల్లో మాత్రం మంచు పట్టి ఒక్కోసారి ఎనిమిది దాకా ఎదురుగా ఉన్న స్టాండ్ కూడా కనిపించదు.

జంతువులు కావాలంటే కోరింగ. కాకినాడ నుంచి యానాం రోడ్డులో గంట కూడా పట్టదు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ మడ అడవిలో బావురుపిల్లి (ఫిషింగ్ క్యాట్), నీటికుక్కలు (ఆటర్లు), నక్కలు ఉన్నాయి. 1978లో అభయారణ్యం అయింది.

హైదరాబాదు వాళ్ళు ఇవన్నీ చూసే ముందు ఇంటి దగ్గరే సాధన చేయొచ్చు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు ఉంది. కాస్త దూరం వెళ్ళగలిగితే మంజీర, సింగూరు వైపు పోవచ్చు. తల వెనక రెండు నల్ల చారలుండే బార్‌హెడెడ్ గూస్ అటువైపు కనిపిస్తుంది. హిమాలయాలు దాటి వచ్చే బాతు ఇది. గట్టుకు దగ్గరగా పొలాల్లో గడ్డి మేస్తుంటే ఆ ప్రయాణం చేసొచ్చినట్టే అనిపించదు.

సైబీరియా గురించి ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. తేలినీలాపురంలో, వీరాపురంలో, ఆటపాకలో గూడబాతులనూ ఎర్రకాళ్ళ కొంగలనూ చూపించి "సైబీరియా నుంచి వచ్చాయి" అని చెప్పడం అలవాటైపోయింది. కాదు. ఈ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్ళు, చెట్లు, చేపలు ఉన్న చోటికి మన దేశంలోనే తిరుగుతూ ఉంటాయి. నిజంగా ఉత్తరాన్నుంచి వచ్చేవి చిన్నవి, చాలామంది పట్టించుకోనివి: స్టింట్‌లు, గాడ్‌విట్‌లు, పిన్‌టెయిల్ బాతులు, గార్గనీలు. అరచేతిలో పట్టే స్టింట్ ఆర్కిటిక్ మంచు మైదానాల్లో పుట్టి కాకినాడ బురదకు వస్తుంది. ఫోటోలు మాత్రం ఎర్రకాళ్ళ కొంగకే పడతాయి.

రెండో అడుగు: చేతిలో ఏం ఉండాలి

బైనాక్యులర్ మీద 8×42 అని ఉంటే 8 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. ఎక్కువ రెట్లు ఉంటే మంచిదనుకుని 12, 20 కొనేవాళ్ళు ఉన్నారు. చేయి కాస్త వణికినా బొమ్మ ఊగిపోతుంది, కనిపించే వెడల్పు తగ్గిపోతుంది, ఎగిరే పక్షిని అందులో పట్టుకోవడం కష్టం. చిత్తడి నేలలకు 8×42 చాలు. పులికాట్ లాంటి విశాలమైన చోటికే అయితే 10×42 కూడా సరే. పది వేల రూపాయల చుట్టుపక్కల వాడదగ్గవి దొరుకుతాయి. జూమ్ బైనాక్యులర్ల జోలికి వెళ్ళకండి.

కొన్న రోజే ఇంటి డాబా మీద దాన్ని మీ కళ్ళకు సరిచేసుకోండి. ముందు రెండు గొట్టాలనూ మడిచి, రెండు వలయాలూ కలిసి ఒకే గుండ్రం కనిపించేదాకా జరపండి. కుడివైపు అద్దాన్ని చేత్తో మూసి, ఎడమ కంటితో దూరంలో ఉన్న సైన్‌బోర్డు అక్షరాలు చూస్తూ మధ్యలోని చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమవైపు మూసి, మధ్య చక్రాన్ని ముట్టకుండా, కుడి కంటి దగ్గర ఉండే చిన్న రింగును తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఇక ఆ రింగు ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని మళ్ళీ తిప్పొద్దు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి నొక్కుకోవాలి, లేనివాళ్ళు బయటికి లాగాలి. ఇది చేయకుండా "బైనాక్యులర్‌తో తలనొప్పి వస్తోంది" అనేవాళ్ళు చాలామంది.

స్పాటింగ్ స్కోప్, అంటే ముక్కాలి మీద పెట్టి చూసే చిన్న టెలిస్కోప్, ఉంటే పులికాట్‌లో చాలా లాభం. అక్కడ అర కిలోమీటరు అవతల ఉన్న గుంపులో ముక్కు రంగు చూడాల్సి వస్తుంది. లేకపోతే స్కోప్ ఉన్న బృందంతో వెళ్ళండి. ఫోన్‌లో పక్షిని గుర్తుపట్టడానికి మెర్లిన్, చూసినవి నమోదు చేయడానికి ఈబర్డ్ యాప్‌లు వేసుకుని, భారతదేశపు ప్యాక్ ఇంట్లో వైఫై మీదే దింపుకోండి. మడ అడవి లోపల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

బట్టలు మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు. తెల్ల చొక్కా దూరం నుంచే కనిపిస్తుంది. టోపీ, నీళ్ళ సీసా, బురదలో జారని చెప్పులు, కొల్లేరు వెళితే దోమల మందు. ఇంతే.

మూడో అడుగు: పేరు కంటే ముందు పని చూడటం

కొత్తవాళ్ళు పక్షి కనపడగానే యాప్ తెరుస్తారు. తల పైకెత్తేసరికి పక్షి ఉండదు. ముందు అర నిమిషం అది ఏం చేస్తోందో చూడండి.

బాతుల్లో తల నీళ్ళలో ముంచి తోక పైకెత్తి మేసేవి ఒక రకం: పిన్‌టెయిల్, గార్గనీ, వెడల్పాటి ముక్కుతో నీళ్ళు జల్లించే షవెలర్. పూర్తిగా మునిగి ఇంకోచోట తేలేవి పోచార్డ్‌లు. నల్లగా ఉండి నుదుటి మీద తెల్లబొట్టుతో, ఎగరాలంటే నీటి మీద చాలా దూరం పరుగెత్తేది బాతు కాదు, బొల్లికోడి. మునిగి, మెడ మాత్రమే బయట పెట్టి పాములా ఈదుతుంటే పాముమెడ పక్షి. రెక్కలు ఆరబెట్టుకుంటూ కొయ్య మీద కూర్చున్నది నీటికాకి కావచ్చు, పాముమెడ కావచ్చు, ముక్కు కొన చూడండి. వంకీ తిరిగితే నీటికాకి, సూటిగా ఈటెలా ఉంటే పాముమెడ.

బురద మీద తిరిగే చిన్న పక్షులే కష్టం. అన్నీ బూడిద, గోధుమ రంగుల్లో ఒకేలా ఉంటాయి. వీటికి రంగు వదిలేసి మూడు సంగతులు చూడండి: తలతో పోలిస్తే ముక్కు ఎంత పొడవు, కాళ్ళ రంగు ఏమిటి, ఎలా మేస్తోంది. నాలుగడుగులు పరుగెత్తి ఠక్కున ఆగి వంగితే ప్లవర్ జాతి. ఆగకుండా కుట్టుమిషన్ సూదిలా బురదను పొడుస్తుంటే స్టింట్, శాండ్‌పైపర్ జాతి. ఎర్రకాళ్ళు, ఎగిరినప్పుడు రెక్క వెనక అంచున తెల్లపట్టీ ఉంటే రెడ్‌షాంక్. ముక్కు కిందికి వంగి తల కంటే ఎన్నో రెట్లు పొడవుంటే కర్లూ, అది కనిపిస్తే ఆ రోజు బాగున్నట్టే. ఒక్కో పర్యటనలో రెండు మూడు రకాలు గట్టిగా పట్టుకుంటే చాలు, మిగిలినవి "చిన్న బురద పక్షి" అని రాసుకుని వదిలేయండి. నిపుణులు కూడా వదిలేస్తారు.

ఫ్లమింగోల్లో రెండు రకాలు. పెద్దదాని ముక్కు లేత గులాబీ, కొన నలుపు. చిన్నదాని ముక్కు దాదాపు మొత్తం ముదురు ఎరుపు, దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. గుంపులో బూడిద రంగువి ఉంటే వేరే పక్షి అనుకోకండి, అవి ఇంకా ఎదగని పిల్లలు. ఎక్కువగా కచ్ రణ్ ఉప్పు మైదానాల్లో పుట్టి ఇటు వస్తాయి. తల తలకిందులు చేసి, ముక్కులోని జల్లెడతో నీళ్ళు వడకడతాయి. కొన్నిసార్లు ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ కాళ్ళతో బురద రేపుతాయి. ఆ నాట్యం దొరికితే ఫోటో ఆపి చూడండి.

నాలుగో అడుగు: నేలపట్టు, పులికాట్‌లో ఒక రోజు

చెన్నై నుంచి సూళ్ళూరుపేటకు లోకల్ రైళ్ళు ఉన్నాయి. జాతీయ రహదారి 16 మీదే కాబట్టి నెల్లూరు, తిరుపతి నుంచి బస్సులూ దొరుకుతాయి. ముందు రోజు రాత్రికే చేరుకోండి.

తెల్లవారేసరికి సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద ఉండాలి. ఈ రోడ్డు సరస్సు మధ్య నుంచి పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు ఒరిగే నడుస్తాడు. అందుకని రోడ్డుకు ఉత్తరం పక్కనున్న నీళ్ళు వెలుతురులో ఉంటాయి, దక్షిణం పక్కనున్నవి మెరుస్తూ కళ్ళు చెదరగొడతాయి, అటు పక్షులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఎడమ వైపు చూస్తూ తూర్పుకు వెళ్ళండి. ఎక్కడపడితే అక్కడ ఆపకుండా, పక్కకు దిగడానికి చోటున్న దగ్గర ఆపండి, షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సులు వేగంగా వస్తుంటాయి. చివరన షార్ గేటు దాటి వెళ్ళడానికి మామూలు జనానికి అనుమతి లేదు. గేటు దగ్గర కెమెరా తీయకండి.

కారును దాపుగా వాడుకోండి. మనిషి కిందికి దిగితే ఎగిరిపోయే పక్షి ఆగి ఉన్న కారును పెద్దగా పట్టించుకోదు. ఇంజన్ ఆపి, కిటికీ దించి, లోపల కూర్చునే చూడండి. ముందు దగ్గరి బురద, తర్వాత పలచటి నీళ్ళు, ఆ తర్వాత దూరం. చాలామంది నేరుగా దూరంలోని గులాబీ గీత వైపు చూస్తారు, కారు టైరుకు పది గజాల్లో ఉన్న ప్లవర్ కనిపించదు.

తొమ్మిది దాటాక ఫలహారం చేసి నేలపట్టుకు బయలుదేరండి. గూళ్ళ దగ్గర పొద్దంతా ఏదో ఒక పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి తెల్లవారే సమయం ఇక్కడ ఖర్చు పెట్టనవసరం లేదు. పైగా ఎండ ఎక్కాక ఒక విశేషం ఉంటుంది. గూడబాతు బరువైన పక్షి. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి మీద రెక్క కదపకుండా చుట్లు చుడుతూ పైకెళ్ళి, అప్పుడు మేతకు పులికాట్ వైపు జారుతుంది. గట్టు మీద నిలబడి తల పైకెత్తితే ఒకదాని మీద ఒకటి తిరుగుతున్న వరసలు కనిపిస్తాయి.

గట్టు మీద, వాచ్‌టవర్ మీద మాత్రమే ఉండండి. ఆ గట్టు మీద మనుషులు నడవడం పక్షులకు అలవాటే. గట్టు దిగి నీళ్ళ వైపు రెండడుగులు వేస్తే అలవాటు చెల్లదు. గూళ్ళలో పెద్దపక్షి లేచిపోతే ఈకలు రాని పిల్లలు ఎండలో మాడతాయి, కాకులకు చిక్కుతాయి. ఈ ఊరి రైతులు పక్షులను తరతరాలుగా కాపాడుతున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువుతో సమానమని వాళ్ళకు తెలుసు. గూళ్ళ సంగతి వాచర్‌ను అడగండి, ఏ చెట్టు మీద ఈ వారం పిల్లలు ఉన్నాయో అతనికి తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు.

సాయంత్రం నాలుగు తర్వాత మళ్ళీ పులికాట్ రోడ్డుకు రండి. ఇప్పుడు ఎండ మీ వెనక నుంచి తూర్పు వైపు పడుతుంది, రంగులు ఉదయం కంటే బాగుంటాయి.

ఐదో అడుగు: కొల్లేరు

ఆటపాకలో పడవ ఎక్కండి, కానీ పడవ మనిషితో ముందే మాట్లాడుకోండి: స్టాండ్ల దగ్గరికి వెళ్ళొద్దు, దూరంగానే ఇంజన్ తగ్గించమని. ప్రయాణికుల సరదా కోసం స్టాండ్ల కిందికంటా తీసుకెళ్ళే అలవాటు కొందరికి ఉంది. మీరు వద్దంటే అతనికీ డీజిల్ మిగులుతుంది.

ఆటపాక దగ్గరే ఆగిపోతే కొల్లేరు చూసినట్టు కాదు. కొల్లేటికోట వైపు, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద తిరగండి. పట్టుబడి కోసం నీళ్ళు తోడేస్తున్న చెరువు ఎక్కడుందో టీ కొట్లో అడగండి. నీళ్ళు తగ్గే కొద్దీ అడుగున మిగిలిన చిన్న చేపల కోసం తెల్లకొంగలు, ఓపెన్‌బిల్ కొంగలు, రివ్వున దిగే టెర్న్‌లు, గరుడ పక్షులు అన్నీ ఒకేచోట చేరతాయి. అంచుల్లోని తడి బురద మీద గాడ్‌విట్‌లు, శాండ్‌పైపర్లు. మొదట చెప్పిన లోతుల వరస మొత్తం ఒకే చెరువులో కళ్ళ ముందు పరిచినట్టు ఉంటుంది. చెరువు యజమానికి పక్షి అంటే నష్టం. కాపలా మనిషిని అడగకుండా గట్టెక్కకండి, కాసేపు వాళ్ళ కష్టం వినండి.

ఆరో అడుగు: కోరింగ, పంచాంగం, బురద మీది అడుగులు

కోరింగకు వెళ్ళే తేదీని సెలవును బట్టి కాకుండా పోటు పాటులను బట్టి పెట్టుకోండి. సముద్రపు నీళ్ళు ఎక్కడం పోటు, దిగడం పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ ఆ తర్వాతి పాటుకూ మధ్య సుమారు ఆరు గంటలు. ప్రతి రోజూ ఈ వేళలు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఇవాళ ఉదయం ఏడింటికి పాటు అయితే రేపు ఎనిమిది కావస్తుండగా అన్నమాట. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది, బురద చాలా దూరం బయటపడుతుంది. అష్టమి చుట్టుపక్కల తేడా తక్కువ. తిథి క్యాలెండర్‌లో దొరుకుతుంది, కాకినాడకు పోటు వేళలు ఇంటర్నెట్లో దొరుకుతాయి, రెండూ వద్దనుకుంటే ఒడ్డున వల సర్దుకుంటున్న ఎవరినైనా అడగండి.

మీకు కావలసింది ఉదయం ఆరు, ఏడు మధ్య పాటు పూర్తయ్యే రోజు. రాత్రి పోటు బురదను శుభ్రంగా తుడిచి పెడుతుంది. నీళ్ళు దిగాక తిరిగిన ప్రతి జంతువు అడుగూ తెల్లవారేసరికి కొత్తగా ఉంటుంది. అవి చూసి అయ్యేసరికి పోటు మొదలవుతుంది. నీళ్ళు పెరిగే కొద్దీ బురద పక్షులు ఒడ్డుకు, అంటే మీ వైపుకు, జరుగుతూ వస్తాయి. ఇంకాస్త నీళ్ళు చేరాక పాయల్లోకి పడవ పోతుంది. పూర్తి పాటు మీద చిన్న పాయల్లోకి పడవ వెళ్ళదు, మధ్యలో ఇరుక్కుంటే పోటు వచ్చేదాకా కూర్చోవాలి.

అడుగులు చదవడం మూడు జంతువులతో మొదలుపెట్టండి. నక్క అడుగు కుక్క అడుగులాగే ఉంటుంది, నాలుగు వేళ్ళు, ముందు గోళ్ళ గుర్తులు, కాస్త సన్నగా పొడవుగా, దాదాపు ఒకే సూటి గీతలో నడిచినట్టు. పిల్లి జాతిది గుండ్రంగా ఉంటుంది, నాలుగు వేళ్ళు, మామూలుగా గోళ్ళు పడవు. బావురుపిల్లికి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, వేళ్ళ మధ్య కొంత చర్మం ఉంటుంది. అందుకే మెత్తటి బురదలో దాని గోళ్ళ గుర్తులు ఒక్కోసారి కనిపిస్తాయి. నీటికుక్కకు ఐదు వేళ్ళు, మధ్యలో చర్మపు తెర, పక్కనే తోక ఈడ్చిన గీత. అడుగు పక్కన ఒక నాణెం పెట్టి నిలువుగా పై నుంచి ఫోటో తీయండి, ఇంటికి వచ్చాక కొలత తెలుస్తుంది.

నీటికుక్కలను నిజంగానే చూడగలరు. పగటిపూట, ముఖ్యంగా ఉదయం, కుటుంబంగా తిరుగుతాయి. నీటి మీద నాలుగైదు తలలు వరసగా, వెనక సన్నటి అల, మధ్యమధ్య ఈలలాంటి అరుపులు. పడవ ఇంజన్ ఆపేసి ఒడ్డు వారగా ఉంటే వాటికే కుతూహలం పుట్టి తల నిలబెట్టి మిమ్మల్ని చూస్తాయి. అవి తరచుగా ఎక్కే గట్టు మీద పొలుసులు, పీత పెంకులు కలిసిన రెట్ట కుప్పలు ఉంటాయి, చేపల వాసన. అలాంటి చోటు దొరికితే ఎదుటి ఒడ్డున కాసేపు ఓపిక పట్టండి.

బావురుపిల్లి అలా కాదు. పెంపుడు పిల్లికి రెట్టింపు ఉంటుంది, బూడిద కలిసిన ఒంటి మీద నల్ల మచ్చల వరసలు, పొట్టి తోక. ఊళ్ళో చిరుతపిల్ల అని భయపడేది చాలాసార్లు దీన్ని చూసే. రాత్రి వేట. టార్చిలైటు వేసుకుని వెతికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అభయారణ్యంలో రాత్రి తిరగడం నేరం, ఆ జంతువు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. చీకటి పడబోయే వేళ మడ అడవికి ఆనుకున్న రొయ్యల చెరువుల రోడ్ల మీద కారు మెల్లగా పోతుంటే దాటుతూ కనిపించే అవకాశం ఉంది. ఎక్కువమందికి దొరికేది అడుగులే. రాత్రి నీళ్ళ అంచున ఎక్కడ ఆగింది, ఎక్కడ ఒక్కసారి దూకింది అని ఆ అడుగుల వెంట చదువుకుంటూ పోవడం కూడా చూడటమే అని నా లెక్క.

కోరింగ చెక్కవంతెన మీద ఆదివారం వెళితే సెల్ఫీల గోల తప్ప ఏమీ వినపడదు. వారం మధ్యలో, గేటు తీయగానే వెళ్ళండి. వంతెన చివరిదాకా పరుగు తీయకుండా మధ్యలో ఒకచోట నిలబడితే కింద పీతలు, మట్టిచేపలు, వాటి కోసం వచ్చే లకుముకి పిట్టలు. కాకినాడ ఊరి అంచున కుంభాభిషేకం అనే చోటు దగ్గరి బురదలు, ఇసుక తిన్నెలు విడిగా ఒక పూటకు సరిపోతాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండే ఇండియన్ స్కిమ్మర్ చలికాలంలో అక్కడికి వస్తుంది. గుంపంతా ఇసుక మీద ఒకే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటుంది. దేశంలోనే అరుదైన పక్షి, దగ్గరికి వెళ్ళే ప్రయత్నం చేయకుండా స్కోప్‌తోనే చూడండి.

ఏడో అడుగు: ఎంత దగ్గర చాలు

మీటర్ల లెక్క పెట్టుకోవద్దు, పక్షిని చూడండి. మేత మేస్తూ ఉంటే మీరున్న దూరం సరిపోయింది. మేత ఆపి మెడ నిలబెట్టిందంటే మిమ్మల్ని లెక్కలోకి తీసుకుంది, అక్కడే ఆగండి. నడక మొదలుపెట్టి మీ నుంచి పక్కకు జరుగుతుంటే రెండడుగులు వెనక్కి వేయండి. ఎగిరిపోయిందంటే ఆ రోజుకు దాని మేత మీరు చెడగొట్టారు. ఫిబ్రవరి తర్వాత ఇది ఇంకా ముఖ్యం, ఉత్తరానికి తిరిగి వెళ్ళడానికి కొవ్వు పట్టించుకునే రోజులవి.

డ్రోన్ వద్దు. ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవొద్దు. ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టే బ్యాచ్ మీతో ఉంటే వచ్చేసారి బ్యాచ్ మార్చండి. చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టకుండా చోటు గుర్తు పెట్టుకుని అటవీ సిబ్బందికి చెప్పండి. ఒకేచోట చాలా చచ్చి ఉంటే అదే రోజు చెప్పాలి.

ఎనిమిదో అడుగు: లెక్క, రాత

వందల గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. గుంపు అంచున పది పక్షులు లెక్కపెట్టి అవి ఎంత చోటు పట్టాయో చూడండి. ఆ కొలతతో యాభై, వంద అని ముందుకు పొండి. పెద్ద గుంపులో పక్షులు మధ్యలో దగ్గరగా, అంచుల్లో పలచగా ఉంటాయి కాబట్టి రెండు వైపుల నుంచీ ఒక్కోసారి లెక్కేసి సగటు తీసుకోండి. "వేలాది" అని మాత్రం రాయకండి, ఆ మాట ఎవరికీ పనికిరాదు.

ప్రతి లెక్క పక్కన సమయం, చోటు, నీళ్ళ లోతు, పోటో పాటో రాయండి. లోతు కొలవనక్కర్లేదు, రెడ్‌షాంక్ మోకాలి దాకా, ఫ్లమింగో తొడ దాకా అని రాసుకున్నా చాలు. అదే చోటికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పాత పేజీయే మీకు దారి చూపిస్తుంది. లెక్కలు ఈబర్డ్‌లో వేస్తే ఆ చోటు గురించి పనిచేసే వాళ్ళకూ అందుతాయి. ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన మన దేశంలో 1987 నుంచి నడుస్తోంది. మీ జిల్లాలో ఏ చెరువు లెక్కించేవాళ్ళు లేక మిగిలిపోయిందో అడిగి, ఆ చెరువు తీసుకోండి.

బురద పక్షుల కాళ్ళకు ఒక్కోసారి రంగు కడియాలు, చిన్న జెండాల్లాంటి పట్టీలు ఉంటాయి. ఏ కాలికి, మోకాలికి పైనా కిందా, ఏ రంగు మీద ఏ రంగు, అక్షరాలు ఉంటే ఏమిటి అన్నది అక్కడే రాసుకోండి, ఫోటో మసకగా ఉన్నా తీయండి. మన దేశంలో వేసిన కడియాలు ఎక్కువగా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవి. వాళ్ళకు వివరాలు పంపితే ఆ పక్షికి కడియం ఎక్కడ, ఏ సంవత్సరంలో వేశారో తెలిసే అవకాశం ఉంటుంది.